ముందు నీరు, ఆ తర్వాతే మందు

అక్వేరియం దుకాణంలో కౌంటరు వెనక అరలో చిన్న చిన్న సీసాలు వరసగా పేర్చి ఉంటాయి. నీలం చుక్కలు, పచ్చ చుక్కలు, పసుప్పచ్చ పొడి. ఇంట్లో గోల్డ్‌ఫిష్ నలతగా ఉందని ఎవరైనా ఫోన్‌లో ఫొటో చూపిస్తే వాటిలో ఒకటి చేతికొస్తుంది. రోజుకు ఇన్ని చుక్కలు వెయ్యండి, తగ్గిపోతుందన్న భరోసా కూడా దొరుకుతుంది. తొట్టిలో నీళ్లెలా ఉన్నాయన్న ప్రశ్న మాత్రం ఇటువాళ్లూ అడగరు, అటువాళ్లూ అడగరు. ఇళ్లలో పెంచే గోల్డ్‌ఫిష్‌లకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం మొదలయ్యేది ఆ నీళ్లలోనే. మచ్చ చేప ఒంటి మీద కనిపిస్తుంది కాబట్టి మన చూపు చేప మీదే నిలిచిపోతుంది, మందూ దానికోసమే కొంటాం. నీళ్లను బాగుచేయకుండా వేసిన మందు మహా అయితే నాలుగు రోజులు పనిచేసినట్టు కనిపించి, ఐదో రోజుకి కథ మొదటికే వస్తుంది. ఈ మాటకు మినహాయింపులున్నాయి. అవి చిన్నవేమీ కావు, వాటి సంగతీ చూద్దాం.

గోల్డ్‌ఫిష్ మన శీలావతి, బొచ్చెల కుటుంబానికి చెందిన చేపే. చైనాలో వెయ్యేళ్లకు పైబడి ఏరి ఏరి పెంచితే ఈ రంగూ వయ్యారమూ వచ్చాయి గానీ, లోపలి యంత్రాంగం చెరువు చేపదే. దానికి జీర్ణాశయం లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే కొంచెం కొంచెంగా రోజంతా మేస్తూనే ఉంటుంది, విసర్జిస్తూనే ఉంటుంది. ఆ విసర్జనలో కంటికి కనిపించే నల్ల పోగులతో పెద్ద బెడద లేదు. తిండిలోని మాంసకృత్తులు ఖర్చయ్యాక మిగిలే అమ్మోనియాను చేప చాలావరకు మొప్పల గుండానే నీళ్లలోకి వదిలేస్తుంది, ప్రమాదమంతా దానితోనే. చెరువులో అది పలచబడిపోతుంది. 5 లీటర్ల గాజు బౌల్‌లో ఎటూ పోదు. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఒకటుంది, అది దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైటూ విషమే, అది రక్తంలో చేరితే రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి పోతుంది. మరో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మరీ పేరుకుపోతే తప్ప అంతగా హాని చేయదు, నీళ్లు మార్చినప్పుడల్లా కొంత పోతుంది. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, అడుగున గులకరాళ్ల మీద కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మనవాళ్లు తొట్టి, రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, రెండు చేపలు ఒకే ఆదివారం కొనుక్కొస్తారు. మొదటి వారమంతా చలాకీగా తిరిగిన చేపలు రెండో వారానికి అడుగున ముడుచుకుని కూర్చుంటాయి. ఆ జాతే సున్నితమని సరిపెట్టుకుంటారు. సున్నితం సంగతేమో గానీ, ఆ తొట్టిలో ఇంకా బ్యాక్టీరియా కాపురం పెట్టలేదు.

మన ప్రాంతంలో దీనికి ఇంకో మెలిక ఉంది. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటే చేపకు తీవ్రమైన విషం. ఏది ఎంత ఉంటుందన్నది నీటి పీహెచ్ మీద, వేడి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం అర శాతం చిల్లర మాత్రమే. అదే పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది, అంటే తొమ్మిది రెట్లకు పైగా పెరిగినట్టు. పీహెచ్ 8 దగ్గరే ఉండి వేడి 30 డిగ్రీలకు చేరితే 7 శాతం పైమాటే. తెలంగాణలో, రాయలసీమలో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా, గట్టిగా, పీహెచ్ 7 పైనే ఉంటాయి. గట్టి నీళ్లు గోల్డ్‌ఫిష్‌కు పడవని కాదు, నిజానికి ఖనిజాలున్న నీళ్లే దానికి హాయి. ఆర్వో నీళ్లు మాత్రమే పోస్తేనే చిక్కు, వాటిలో పీహెచ్‌ను నిలకడగా పట్టి ఉంచే ఖనిజాలు ఉండవు. కానీ బోరు నీళ్లు పోసిన తొట్టిలో అమ్మోనియా చేరనిస్తే, అదే మోతాదు మరో ఊళ్లో చేసే హాని కన్నా ఇక్కడ ఎక్కువ చేస్తుంది. ఆపై మన ఎండాకాలం ఒకటి. 20 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి పట్టదు. వేడికి చేప ఒంట్లో జీవక్రియ పెరిగి ప్రాణవాయువు ఎక్కువ కావాల్సిన వేళే నీళ్లలో అది తగ్గిపోతుంది. అలాంటి తొట్టిలో మందు చుక్కలు వేయడమంటే గోరుచుట్టు మీద రోకలిపోటు వేయడమే, ఎందుకంటే కొన్ని మందులు మొప్పల మీద భారం ఇంకా పెంచుతాయి.

చేప నలత ఎలా తెలుస్తుంది? ఒంటి మచ్చల కన్నా నడవడిక ముందు చెబుతుంది. ఉదయాన్నే లైటు వేయగానే పైకి రావాల్సిన చేప రాకపోవడం, నోరు నీటి పైకి పెట్టి గుటకలు వేయడం, మొప్పలు వడివడిగా కొట్టుకోవడం, వెన్ను మీది రెక్కను ముడుచుకుని ఒక మూల నిలబడిపోవడం, ఒంటిని గులకరాళ్లకు రాసుకుంటూ మెరుపులా దూసుకుపోవడం. ఈ లక్షణాలన్నీ అమ్మోనియా వల్లా రావచ్చు, పరాన్నజీవుల వల్లా రావచ్చు, ఉత్త ప్రాణవాయువు లోటు వల్లా రావచ్చు. చూడగానే జబ్బు పేరు చెప్పడం నిపుణుడికీ కష్టమే. తొట్టిలోని చేపలన్నీ ఒకేసారి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే దాదాపుగా నీళ్లదే తప్పు. ఒకటి మాత్రమే నలిగి, మిగిలినవి బాగుంటే జబ్బును అనుమానించడం న్యాయం. జబ్బు కానివాటిని జబ్బులనుకోవడమూ తక్కువేం లేదు. మగ గోల్డ్‌ఫిష్‌కు జతకట్టే కాలంలో మొప్పల మూతల మీద, ఛాతీ రెక్కల ముందు అంచు వెంట తెల్లటి చిన్న పొక్కులు వరసగా లేస్తాయి. అవి ఆరోగ్యానికి గుర్తు. వాటిని తెల్లమచ్చల జబ్బనుకుని, అప్పటిదాకా బాగున్న చేపకు మందు పోసి నీరసపరిచేవాళ్లు ఎందరో. ఒంటి మీద ఉన్నట్టుండి నల్ల మరకలు తేలితే అది చాలాసార్లు అమ్మోనియా కాల్చిన చోట చర్మం మానుతోందని అర్థం, గాయం ఇదివరకే అయిపోయింది. చిన్నప్పుడు నల్లగా ఉన్న చేప ఎదుగుతూ నారింజ రంగుకు మారడం ఆ జాతి సహజ గుణం.

అందుకే నలత కనిపించిన రోజు మొదటి పని నీళ్లు పరీక్షించడం. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూసే కిట్లు అక్వేరియం దుకాణాల్లోనే దొరుకుతాయి. పరీక్ష గొట్టంలో తొట్టి నీళ్లు పోసి చుక్కలు వేస్తే రంగు మారుతుంది, ఆ రంగును కార్డుతో పోల్చి చూసుకోవాలి. కుదురుకున్న తొట్టిలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. సున్నా కాకపోతే ఆ రోజు మేత ఆపి, మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చాలి. మున్సిపల్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ముందే దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ మందు కలపాలి. బోరు నీళ్లయితే ఒక బకెట్‌లో పట్టి రాత్రంతా ఎయిర్ పంప్‌తో గాలి పట్టించాలి, భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. పోసే నీళ్ల వేడి తొట్టి నీళ్ల వేడితో ఇంచుమించు సమానంగా ఉండాలి. నైట్రైట్ ఉన్నట్టు తేలితే లీటరుకు 1 గ్రాము లెక్కన ఉప్పు కలిపితే అందులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోనివ్వకుండా అడ్డుపడుతుంది. అంతకుమించి ఆ రోజు చేయాల్సిందేమీ లేదు. ఏమీ చేయకుండా ఉండటమే చాలామందికి కష్టం.

మేం రోజూ నీళ్లు మారుస్తూనే ఉన్నామే, అయినా చచ్చిపోతున్నాయే అని చాలామంది అంటారు. ఆ మార్చే తీరులోనే ఉంది తంటా అంతా. చేపను మగ్గులోకి తీసి, తొట్టి ఖాళీ చేసి, గులకరాళ్లను కుళాయి కింద గలగలా కడిగి, ఫిల్టర్ స్పాంజిని తెల్లగా వచ్చేదాకా పిండి, మళ్లీ కొత్త నీళ్లు నింపుతారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. అయితే వారాల తరబడి పెరిగిన బ్యాక్టీరియాలో చాలా భాగం ఆ కుళాయి నీటి క్లోరిన్‌తో సరి. చేప మళ్లీ కొత్త తొట్టిలో మొదటి రోజు ఎదుర్కొన్న గతికే వస్తుంది, పైగా నీటి వేడి, పీహెచ్ ఒక్కసారిగా మారిన దెబ్బ అదనం. వారానికోసారి పాతిక శాతం నీళ్లు సైఫన్ గొట్టంతో అడుగు మురికితో పాటు లాగేసి, స్పాంజిని ఆ తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు. మన ఇళ్లలో శుభ్రత మీద ఉన్న శ్రద్ధే ఈ చేపల పాలిట శాపంగా మారడం విచిత్రం.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం, చుక్కలు వేస్తే మా చేపకు తగ్గిందిగా అన్నది. తగ్గి ఉండొచ్చు. ఆ నీలం చుక్కల మందు, మిథిలీన్ బ్లూ, బూజును కొంతవరకు అడ్డుకునే మాట నిజమే. కానీ చుక్కలు ఇచ్చిన దుకాణదారు సాధారణంగా నీళ్లు మార్చి వెయ్యమనే చెబుతాడు. కొన్నవాళ్లు నీళ్లూ మారుస్తారు, కంగారులో మేతా తగ్గిస్తారు, ఎయిర్ పంప్ రాత్రి కూడా ఆపకుండా ఉంచుతారు. ఈ నాలుగింటిలో పనిచేసింది ఏది? సీసాకు డబ్బిచ్చాం కాబట్టి పేరు సీసాకే వస్తుంది. పైగా మిథిలీన్ బ్లూ ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియానూ దెబ్బతీస్తుంది, అందుకే నెల తిరక్కుండా మళ్లీ నలత మొదలవుతుంది, మళ్లీ సీసా కొంటారు. మందు వేయక తప్పనప్పుడు ఆ చేపను వేరే టబ్బులో పెట్టి వేయడం అందుకే.

ఇక నీళ్లు ఎంత బాగున్నా తగ్గని జబ్బులు. వీటిలో మొదటిది తెల్లమచ్చలు, దుకాణాల్లో వైట్ స్పాట్ అంటారు. రెక్కల మీదా ఒంటి మీదా ఉప్పు కణికలు చల్లినట్టు చుక్కలు లేస్తాయి. ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి దీనికి కారణం, దాని బతుకు మూడు ఘట్టాలుగా సాగుతుంది. చర్మం కింద దూరి మేస్తున్నంతకాలం ఏ మందూ దాన్ని తాకలేదు. బలిసి కింద రాలాక గులకరాళ్ల మీద గట్టి తొడుగు కట్టుకుని లోపల వందలుగా విడిపోతుంది, అప్పుడూ మందు అందదు. ఆ పిల్లలు తొడుగు చీల్చుకుని మరో చేపను వెతుక్కుంటూ ఈదే కొద్ది గంటల్లో మాత్రమే చావగలవు. అందుకే రెండో రోజుకి మచ్చలు రాలిపోగానే తగ్గిందని మందు ఆపేసిన ఇంట్లో వారం తిరిగేసరికి మచ్చలు రెట్టింపవుతాయి. ఈ చక్రం చలిదేశాల్లో వారాలు పడితే మన వేడికి కొద్ది రోజుల్లోనే పూర్తవుతుంది, కాబట్టి చికిత్సకు ఇక్కడ హీటరు అక్కర్లేదు. గోల్డ్‌ఫిష్ ఉప్పును బాగానే తట్టుకుంటుంది. లీటరుకు 3 గ్రాముల గళ్లుప్పు లెక్కన 40 లీటర్ల తొట్టికి 120 గ్రాములు కావాలి. దాన్ని మూడు భాగాలు చేసి, ఒక్కో 40 గ్రాములను తొట్టి నీళ్లలోనే కరిగించి, 12 గంటలకోసారి పోయాలి. ఆ స్థాయిని 10 రోజుల నుంచి రెండు వారాల దాకా నిలపాలి. ఉప్పు ఆవిరైపోయేది కాదు, కాబట్టి నీళ్లు ఇంకిపోతే ఉత్త నీళ్లే పోయాలి, 10 లీటర్లు తీసి మారిస్తే మాత్రం 30 గ్రాములు కలపాలి. మొక్కలుంటే ముందే తీసేయాలి. ఉప్పుకు లొంగకపోతే అప్పుడు మలకైట్ గ్రీన్ లాంటి మందు, అదీ సీసా మీద రాసిన కొలతకు చుక్క మించకుండా. దాన్ని ఒట్టి చేత్తో ముట్టకూడదు.

రెండో బెడద పేను. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో శీలావతి, బొచ్చెలు పెంచే రైతులకు ఆర్గులస్ పేను కొత్త కాదు. అదే పేను గోల్డ్‌ఫిష్‌కూ పడుతుంది. చిన్న బొట్టుబిళ్లంత, పారదర్శకంగా, చేప ఒంటి మీద పాకుతూ కనిపిస్తుంది. తడి చేత్తో చేపను పట్టుకుని పట్టకారుతో దాన్ని తీసేయొచ్చు. అయితే పేను గుడ్లు గాజుకీ రాళ్లకీ అంటుకుని ఉండి, కొన్ని వారాల దాకా పొదుగుతూనే ఉంటాయి కాబట్టి ఒకసారి ఏరితే అయిపోదు. లంగరు పురుగు ఇంకో రకం. పొలుసు కిందనుంచి దారప్పోగులా వేలాడుతూ, చివర రెండుగా చీలి ఉంటుంది. దాని తల కండలో పాతుకుని ఉంటుంది, మొదలంటా పట్టుకుని లాగకపోతే తెగి లోపలే మిగిలి పుండవుతుంది. ఇవి రెండూ కొత్త చేపతోనో, బయటి చెరువు నాచుతోనో వస్తాయి. ఇంకా చెడ్డది, 1990ల తొలినాళ్లలో జపాన్‌లో మొదటిసారి గుర్తించిన హెర్పిస్ వైరస్ జబ్బు. మొప్పలు పాలిపోయి, బాగా తింటున్న చేపలు కొద్ది రోజుల్లో వరసగా పోతాయి. దీనికి మందు లేదు. వీటన్నిటికీ తాళం ఒకటే: కొత్తగా తెచ్చిన చేపను 3, 4 వారాల పాటు వేరే టబ్బులో ఉంచడం, ఆ టబ్బు వలను పెద్ద తొట్టిలో ముంచకపోవడం. దుకాణం సంచిలోని నీళ్లను కూడా తొట్టిలో పోయకూడదు.

రెక్కలు కుళ్లడం, ఒంటి మీద పుండ్లు పడటం బ్యాక్టీరియా పనే అయినా, ఆ బ్యాక్టీరియా దాదాపు ప్రతి తొట్టిలోనూ ఉంటుంది. చేప జిగురు పొర చెడి, ఒత్తిడికి లోనైనప్పుడే దానిది పైచేయి అవుతుంది. రెక్క అంచు కాస్త తెల్లబడి చిరుగులు పడినప్పుడే నీళ్లను సరిచేస్తే చాలాసార్లు మందు లేకుండానే కొత్త రెక్క పారదర్శకంగా మొలుస్తుంది. చిరుగు మొదలు దాకా పాకితేనో, పుండు ఎర్రగా లోతుకు దిగితేనో యాంటీబయాటిక్ అవసరం పడుతుంది. దాన్ని మెడికల్ షాపులో క్యాప్సూల్ కొని నీళ్లలో విప్పడం మాత్రం వద్దు. సగం మోతాదు మందు తట్టుకునే బ్యాక్టీరియాను పెంచుతుంది, ఆ నీళ్లు చివరికి మన మురుక్కాలవలోకే పోతాయి. చేపలు చూసే పశువైద్యులు మన ఊళ్లలో అరుదన్నది నిజమే గానీ, పశువైద్య, మత్స్య కళాశాలల్లో అడిగితే దారి చూపించేవాళ్లు ఉంటారు. కడుపు ఉబ్బి, పొలుసులన్నీ నిక్కబొడుచుకుంటే అది లోపల మూత్రపిండాలు దెబ్బతిన్నదానికి గుర్తు. అప్పటికి చాలాసార్లు ఆలస్యమైపోయి ఉంటుంది.

తలకిందులుగా తేలే చేప కథ వేరు. ఒరాండా, ర్యుకిన్, రాంచూ లాంటి గుండ్రటి రకాలను అందం కోసం పొట్టిగా, ఉబ్బుగా పెంచారు. ఆ ఇరుకులో పేగులూ వాయుతిత్తీ నలిగిపోతాయి. కాస్త ఎక్కువ మేసినా, పైన తేలే గింజలతో పాటు గాలి మింగినా వెల్లకిలా పడతాయి. ఇందులో నీళ్ల తప్పు కొంతే, మందు చేసేది దాదాపు ఏమీ లేదు. రెండు మూడు రోజులు పస్తు ఉంచి, ఆ తర్వాత నానబెట్టిన, అడుగుకు మునిగే మేత కొద్దిగా వేస్తే కొన్ని కోలుకుంటాయి. పిల్లలు సరదాగా వేసే మరమరాలు, బ్రెడ్డు ముక్కలు ఈ రకాలకు అసలు పనికిరావు. మొదటిసారి పెంచేవాళ్లు పొడుగాటి మామూలు గోల్డ్‌ఫిష్‌ను ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం, దుకాణంలో దాని ధర తక్కువే, ఒళ్లు గట్టిది.

ఇదంతా యాభై, వంద రూపాయల చేప కోసమా అనేవాళ్లుంటారు. మా చేప బౌల్‌లోనే రెండేళ్లు బతికిందనేవాళ్లూ ఉంటారు. ఇంగ్లండ్‌లో 1956లో ఒక సంతలో బహుమతిగా వచ్చిన టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, 43 ఏళ్లు బతికి గిన్నిస్ రికార్డుకెక్కింది. అది అపురూపమే అనుకున్నా, బాగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు బతకడం గోల్డ్‌ఫిష్‌కు మామూలు విషయం. అంటే రెండేళ్ల చావును నిండు ఆయుష్షుగా లెక్కేసుకుంటున్నామన్నమాట. రోమ్ నగరపాలక సంస్థ 2005లో గుండ్రటి బౌళ్లలో గోల్డ్‌ఫిష్‌ను ఉంచడాన్నే నిషేధించింది. మనకు అలాంటి చట్టం కావాలని వాదించను, కానీ ఖర్చు లెక్క తిరగేసి చూడాలి. చేపకు కనీసం 40 లీటర్లు పట్టే తొట్టి, స్పాంజి ఫిల్టర్, ఒక టెస్ట్ కిట్ ఒక్కసారి పెట్టుబడి. నెలనెలా కొనే సీసాలూ, ఆర్నెల్లకోసారి తెచ్చుకునే కొత్త చేపా మాత్రం ఆగని ఖర్చు. స్థోమత లేకపోతే గోల్డ్‌ఫిష్‌ను పెంచకపోవడం కూడా ఒక మంచి నిర్ణయమే.

చేతుల సంగతి ఒకటి మిగిలింది. చేపల తొట్టి నీళ్లలో ఉండే ఒక రకం మైకోబ్యాక్టీరియా, చేతి మీది గాయం గుండా లోపలికి పోయి నెలల తరబడి మానని కురుపులు లేపుతుంది. కోసుకున్న చేత్తో తొట్టిలో చెయ్యి పెట్టకూడదు, నోటితో సైఫన్ పీల్చకూడదు, పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. చేతి మీద అలాంటి కురుపు వస్తే డాక్టరుకు చేపల తొట్టి సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఆయనకు తట్టే జబ్బు కాదు. జబ్బు చేప ఇక కోలుకోదని తేలితే దాన్ని టాయిలెట్‌లో వదలడం హింసే. లవంగ నూనె కలిపిన నీళ్లు దాన్ని మత్తులోకి పంపి నొప్పి లేకుండా ముగిస్తాయి, మోతాదు పశువైద్యుణ్ణి అడగొచ్చు. బతికున్న చేపను, విసుగొచ్చి, దగ్గర్లోని చెరువులో వదిలేయడం అంతకన్నా పెద్ద తప్పు. దాని ఒంటి మీది పేనుకూ పురుగుకూ శీలావతి, బొచ్చె దగ్గరి చుట్టాలే. తొట్టిలోంచి తీసిన మురికినీళ్లు కూడా చెరువులో పారబోయకుండా మట్టిలోనో మొక్కలకో పోయాలి, ఉప్పు కలిపి ఉంటే మొక్కలకూ వద్దు. ఖాళీ అయిన తొట్టినీ వలనీ బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగి, కడిగిన వాసన పూర్తిగా పోయేదాకా రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టి, ఆ తర్వాతే కొత్త చేపకు సిద్ధం చేయాలి.